చుక్కంత గది

29 మే 2025, గురువారం

ఆఫీసులో కొత్త ఫైలు. మీటరింగ్ వాల్వు. ఆస్తమా ఇన్‌హేలర్ డబ్బా మూతిలో కూర్చుని, నొక్కిన ప్రతిసారీ మందును ఒకే కొలతలో వదిలే భాగం. క్లయింటు అందులోని రబ్బరు వాషర్‌కి చిన్న గాడి పెట్టాడు, దాని మీద పేటెంటు కావాలంటాడు. అలాంటి గాడి ఇంతకుముందు ఎవరైనా పెట్టారా అని వెతికి చెప్పడం నా పని. ఒక్క గాడి కోసం డెబ్బై ఏళ్ల కాగితాలు తిరగెయ్యాలి.

"ఏముంది మేడం ఇందులో? ఓ స్ప్రింగు, రెండు రబ్బర్లు, ఇంత ప్లాస్టిక్" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. చదవనీ, వాడే దారికొస్తాడు.

ఇంట్లో నాన్న ఉన్నాడు. మా ఊరు పేటలో ఎండలకు ఆగలేక పోయిన వారం వచ్చాడు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా చేసినన్నాళ్లూ ఆ ఘాటు పీలుస్తూనే ఉన్నాడు. రాత్రిళ్లు పిల్లికూతలు పక్క గదిలోకి వినపడుతున్నాయి. ఇన్‌హేలర్ ఉంది గానీ దాని చోటు దిండు కింద. "పంపు మొదలెడితే ఇక చచ్చేదాకా పంపేనంట కదమ్మా" అంటాడు. ఊళ్లో ఎవరో ఎక్కించారు. బీపీ మాత్ర రోజూ వేసుకోడానికి రాని నామోషీ దీనికెందుకో.

1 జూన్, ఆదివారం

సెలవైనా ఫైలు వదలబుద్ధి కాలేదు.

స్ప్రే డబ్బాకు మూలపురుషుడు నార్వే ఇంజనీరు ఎరిక్ రోథైమ్. 1920ల చివర్లోనే పేటెంటు పుచ్చుకున్నాడు గానీ వ్యాపారం సాగలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మలేరియా ప్రాంతాల్లో ఉన్న అమెరికా సైనికుల కోసం అక్కడి వ్యవసాయ శాఖలోని గుడ్‌హ్యూ, సలివన్ దోమల మందును ఫ్రియాన్ వాయువుతో కలిపి డబ్బాలో కుక్కారు. వాళ్ల పేటెంటు 1943ది. యుద్ధం అయ్యాక అదే డబ్బా ఆడవాళ్ల జుట్టు స్ప్రేగా మారి ప్రతి ఇంట్లోకీ వచ్చింది.

1955. లాస్ ఏంజెలెస్‌లో రైకర్ లేబొరేటరీస్ అనే కంపెనీ. దాని ప్రెసిడెంటు జార్జ్ మైసన్ కూతురు సూసీకి పదమూడేళ్లు, ఆస్తమా. అప్పట్లో ఉన్నది గాజు నెబ్యులైజర్. రబ్బరు బుడ్డి పిసికితే మందు తుంపరగా వచ్చేది. గాజు పగిలేది, పిసికే బలాన్ని బట్టి మోతాదు మారిపోయేది. జుట్టు స్ప్రే లాగా నా మందునూ డబ్బాలో ఎందుకు పెట్టరని ఆ పిల్ల అడిగింది. తండ్రి ఆ ప్రశ్నను తీసుకెళ్లి తన కంపెనీ కెమిస్టు ఇర్వింగ్ పోరుష్ నెత్తిన పెట్టాడు.

వాల్వును వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు. అదే నాకు నచ్చింది. ఫిలిప్ మెష్‌బర్గ్ అనే ఆయన సెంటు సీసాల కోసం చేసిన వాల్వు అప్పటికే ఉంది. నొక్కుకు 50 మైక్రోలీటర్లు వదులుతుంది. దాన్ని పది మిల్లీలీటర్ల గోధుమరంగు గాజు సీసాకు బిగించి, నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టం తగిలించారు. 1956 మార్చికల్లా మెడిహేలర్‌కు అనుమతి వచ్చేసింది. పిల్ల అడిగిన ఏడాదికి సరుకు చేతికొచ్చింది! ఈ రోజుల్లో అయితే అనుమతి దరఖాస్తు నింపడానికే అది చాలదు.

పోరుష్ పేటెంటు 1959 జనవరిలో మంజూరైంది. తీరిగ్గా చదివాను. క్లెయిములన్నీ రసాయనం మీదే. మందు లవణాన్ని ఆల్కహాలు సాయంతో ప్రొపెల్లెంటులో, అంటే మందును బయటికి తోసే ద్రవ వాయువులో, కలిపిన మిశ్రమం నాదీ అంటాడు. డబ్బా నాది అనడు. ఇది గుర్తుపెట్టుకోవాలి. కొన్ని దశాబ్దాలు ముందుకొచ్చేసరికి ఈ వరస తల్లకిందులవుతుంది.

4 జూన్, బుధవారం

క్లయింటు నిలువునా కోసిన వాల్వు శాంపిళ్లు పంపాడు. మధ్యాహ్నం అంతా భూతద్దంతో వాటి మీదే.

అల్యూమినియం మూత. లోపల నల్లటి రబ్బరు వాషర్లు రెండు. సన్నటి స్టీలు స్ప్రింగు. నడుమ తెల్లటి కాడ, దాన్ని స్టెమ్ అంటారు. కాడ పక్కన కంటికి ఆనీ ఆనని బెజ్జం. రెండు వాషర్ల మధ్య మిగిలిన ఖాళీయే మీటరింగ్ ఛాంబర్. ఒక్క నీటి చుక్క పట్టేంత గది.

డబ్బాను తలకిందులుగా పట్టుకుంటే లోపలి ద్రవం ఈ గదిలోకి దిగి నిండుతుంది. నొక్కగానే కాడ జరిగి ముందు డబ్బా వైపు దారి మూసేస్తుంది. ఆ తర్వాతే బయటి దారి తెరుచుకుంటుంది. ఈ వరసలోనే ఉంది ప్రాణమంతా. రెండు దారులూ ఒకేసారి తెరుచుకుంటే ఇక కొలత అనే మాటే లేదు. గదిలో చిక్కుకున్న ప్రొపెల్లెంటు మైనస్ 26 డిగ్రీలకే మరిగే రకం. ఒత్తిడి తగ్గీ తగ్గగానే భగ్గున ఆవిరై, గొట్టంలో ఉన్న అర మిల్లీమీటరు వెడల్పయినా లేని రంధ్రంలోంచి మందును తుంపరలుగా చీల్చుకుంటూ దూకుతుంది. వేలు తీయగానే స్ప్రింగు కాడను వెనక్కి నెడుతుంది, గది మళ్లీ నిండుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. రెండు వందల సార్లు ఇదే పని, ఒకే కొలతలో.

మందు రేణువు ఐదు మైక్రాన్లు దాటితే గొంతు గోడకు అతుక్కుపోతుంది. ఒక మైక్రాన్ కన్నా తగ్గితే చాలావరకు ఊపిరితో పాటు బయటికొచ్చేస్తుంది. అన్నీ సరిగ్గా చేసినా మామూలు ఇన్‌హేలర్‌తో ఊపిరితిత్తులకు చేరేది పదో వంతు నుంచి ఐదో వంతు. మిగతాది నోట్లో, గొంతులో, కడుపులో. ఇంత నేర్పుగా కొలిచి, ఎనభై శాతం గొంతులో పారబోస్తున్నామన్నమాట. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా రాయరు.

"ఒక్క వాషర్ రబ్బరు మీదే ఇన్ని పేటెంట్లేంటి మేడం!" అన్నాడు కుర్రాడు సాయంత్రం. వచ్చాడు దారికి.

8 జూన్, ఆదివారం

మృగశిర కార్తె. పొద్దుట్నుంచీ టీవీలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్సే. ఆస్తమాకు బత్తిని వారు ఇచ్చే చేప ప్రసాదం. పసుపురంగు ముద్ద పెట్టిన కొరమీను పిల్లను బతికుండగానే మింగిస్తున్నారు. చేప తిననివాళ్లకు బెల్లంతో ఇస్తున్నారు. 1845 నుంచీ ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. నాన్నకు వెళ్లాలని ఉంది. ఆ జనంలో, ఆ వరసలో, ఈ ఆయాసంతో నిలబెట్టడం నాకిష్టం లేదు.

"వాళ్లు దీనికి పేటెంటు తీసుకోవచ్చు గదా? నీ దగ్గరికే వస్తారేమో" అన్నాడు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

"తీసుకోవాలంటే ముద్దలో ఏమేం వేస్తారో రాసివ్వాలి నాన్నా."

"అది చెప్పరు గదా. చెబితే గుణం పోద్దంటారు."

"చెప్పడమే దానికి కట్టే రుసుము. అంతా చెబితే ఇరవై ఏళ్లు ఇంకొకర్ని చెయ్యనివ్వరు. ఆ తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు."

కాసేపు ఊరుకున్నాడు. "అయితే పేటెంటు ఉందంటే రోగం తగ్గుద్దనేనా?"

గుమాస్తా బుర్ర! సూటుబూటు క్లయింట్లకు కూడా ఈ అనుమానం రాదు. రోగం తగ్గుతుందని పేటెంటు ఆఫీసు పూచీ పడదు. కొత్తదా, ఆ విద్య తెలిసినవాడికి మామూలుగా తట్టనిదా, తయారు చేయడానికి వీలైనదా అన్నంతవరకే చూస్తుంది. పైగా మన చట్టంలో 3(పి) అనే నిబంధన ఒకటుంది, సంప్రదాయంగా వస్తున్న విజ్ఞానానికి పేటెంటు ఇవ్వరు. ఇదంతా చెప్పి, చేప ప్రసాదం పనిచేస్తుందనడానికి వైద్య పరీక్షల్లో రుజువు లేదని కూడా అన్నాను.

"రుజువున్నది నా దిండు కింద ఉందిలే" అని నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది.

10 జూన్, మంగళవారం

నాన్న వాళ్ల నాయనమ్మ ఉమ్మెత్తాకు ఎండబెట్టి, చుట్ట చుట్టి కాల్చేదట, ఆయాసం వచ్చినప్పుడు. నాన్న రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు.

ఉత్త నాటువైద్యం కాదు, దీనికి చరిత్ర ఉంది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ పెద్ద డాక్టరు జేమ్స్ ఆండర్సన్ ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ సలహా ఇచ్చేవాడు. జనరల్ జెంట్ అనే ఆయన 1802లో దాన్ని ఇక్కణ్నుంచి బ్రిటన్ పట్టుకెళ్లాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఐరోపా మందుల షాపుల్లో ఆస్తమా సిగరెట్లు అమ్మారు. ఉమ్మెత్తలో ఉన్నవాటిలో ఒకటి అట్రోపిన్. దాన్ని సవరించి చేసిందే ఈనాటి ఇప్రాట్రోపియం, నాన్న రెండో ఇన్‌హేలర్‌లో ఉన్న మందు. ముత్తవ్వ చుట్టకూ మునిమనవరాలి ఫైలుకూ మధ్య మారింది ముఖ్యంగా కొలత. ఉమ్మెత్త మోతాదు మించితే మతి తప్పుతుంది, ప్రాణమూ పోవచ్చు.

14 జూన్, శనివారం

న్యూజెర్సీ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మేనకోడలికి మళ్లీ పిల్లికూతలట. "అక్కా, నాన్న వాడేదే ఇక్కడ ఎంత బాదుతున్నారో తెలుసా? వచ్చేవాళ్లెవరైనా ఉంటే నాలుగు పంపించు" అన్నాడు. అదే సాల్బుటమాల్. అక్కడ ఆల్బుటెరాల్ అంటారు. నాన్నది రెండు వందల రూపాయల లోపే.

సాల్బుటమాల్‌ను ఇంగ్లండ్‌లో డేవిడ్ జాక్ బృందం 1966లో తయారు చేసింది, 1969లో వెంటోలిన్ పేరుతో వచ్చింది. అమెరికాలో ఆ మందు మీద పేటెంటు 1980ల చివరికే తీరిపోయింది. చవకరకాలు వచ్చాయి. మరి ధర మళ్లీ ఎలా లేచింది? ఓజోన్ పొర ద్వారా లేచింది!

మొదటి ఇన్‌హేలర్లలో ప్రొపెల్లెంటు సీఎఫ్‌సీ, ఫ్రియాన్ జాతి వాయువు. దాన్ని ఇచ్చింది థామస్ మిడ్‌గ్లీ, పెట్రోలులో సీసం కలిపిన మహానుభావుడే. హాని లేదని చూపడానికి 1930లో ఒక సభలో తనే పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పాడు. నిజమే, పీల్చినవాడికి హాని లేదు. హాని ఎక్కడో పైన. 1974లో మోలినా, రోలండ్ లెక్కగట్టి చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం. ఇన్‌హేలర్లకు కొన్నేళ్లు మినహాయింపు ఇచ్చి, అమెరికా 2008 డిసెంబరు 31తో సీఎఫ్‌సీ ఆల్బుటెరాల్‌కు తెర దించింది.

బదులుగా వచ్చింది హెచ్‌ఎఫ్‌ఏ-134ఏ. గ్యాసు మార్చేస్తే సరిపోలేదు. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా వేసే పాత పదార్థాలు ఇందులో కరగవు. కొన్నింటిలో ఆల్కహాలు చేర్చాల్సి వచ్చింది. పాత వాషర్ల రబ్బరు దీనికి సరిపడలేదు. రంధ్రం కొలత మారింది. మార్చిన ప్రతి ముక్క మీదా కొత్త పేటెంటు. చల్లగా, గట్టిగా తగిలే పాత పఫ్‌కి అలవాటు పడ్డవాళ్లు కొత్తది మెత్తగా ఉంది, పనిచేయడం లేదని కంప్లయింట్లు కూడా చేశారు. ఓజోన్‌కు మేలు జరిగింది, నేను కాదనను. కానీ చవకరకాలన్నీ ఒక్క దెబ్బతో పోయి, పాత మందు కొత్త బ్రాండుగా తిరిగొచ్చింది. అక్కడ బీమా ఉన్నవాళ్లు కూడా జేబులోంచి కట్టేది 2004లో సగటున 13.60 డాలర్లు, నిషేధం రాగానే 25.

పోరుష్ తన పేటెంటులో డబ్బా ఊసెత్తలేదని రాసుకున్నాను కదా. ఇప్పుడు మందు అందరిదీ, డబ్బా ఒకరిది. ప్రోఎయిర్ అనే ఆల్బుటెరాల్ ఇన్‌హేలర్ మీద టెవా కంపెనీ తన పేటెంట్లను ఆరెంజ్ బుక్‌లో ఎక్కించింది. అది అక్కడి ప్రభుత్వం మందుల పేటెంట్లు నమోదు చేసే పట్టిక. అందులో ఉన్న పేటెంటు మీద దావా పడితే చాలు, పోటీ మందుకు అనుమతి ముప్ఫై నెలలు ఆగిపోతుంది. వాటిలో గొడవకు వచ్చిన ఐదింటిలో ఉన్నవి గొట్టం భాగాలు, మోతాదు లెక్కపెట్టే మీట. ఆల్బుటెరాల్ క్లెయిము ఒక్కటీ లేదు. పోటీదారు ఆమ్నీల్ మీద టెవా దావా వేస్తే, ఆమ్నీల్ ఎదురుదావా వేసింది. 2024 జూన్‌లో న్యూజెర్సీ కోర్టు వాటిని పట్టికలోంచి తీసెయ్యమంది. డిసెంబరు 20న అప్పీలు కోర్టు అదే ఖాయం చేసింది. కనీసం మందులోని క్రియాశీల పదార్థాన్నయినా క్లెయిము చేయని పేటెంటుకు అక్కడ చోటు లేదంది.

తమ్ముడికి ఇదంతా చెబితే "తీర్పు మీ ఫైళ్లలో ఉంచుకో, పంపిస్తావా లేదా?" అన్నాడు. కస్టమ్స్, ప్రిస్క్రిప్షన్ గొడవలు చెప్పాను. ముందు వాళ్ల డాక్టరునే అడగమన్నాను. మూడు పెద్ద కంపెనీలు తమ ఇన్‌హేలర్లకు నెలకు 35 డాలర్ల పరిమితి పెడతామని 2024లో ప్రకటించాయి. అది ఆ పిల్ల బ్రాండుకు వర్తిస్తుందేమో కనుక్కోమన్నాను.

22 జూన్, ఆదివారం

ఆ లెక్కమీట మీద నాకు కోపం లేదు. గొప్ప ఉపకారి. రెండు వందల పఫ్‌లూ అయిపోయాక కూడా ప్రొపెల్లెంటు కాస్త మిగిలే ఉంటుంది. నొక్కితే బుస్సుమంటుంది, మందు మాత్రం ఉండీ లేనట్టు వస్తుంది. ఆయాసంలో ఉన్నవాడికి ఆ తేడా తెలియదు. పూర్వం డబ్బాను నీళ్లలో వేసి, తేలిందా మునిగిందా అని చూసేవాళ్లు. అది నమ్మదగ్గ పద్ధతి కాదని తేలిపోయింది. మీట కనిపెట్టినవాడికి పేటెంటు ఇవ్వాల్సిందే. దాన్ని చూపించి మందుకు తాళం వేస్తామంటేనే పేచీ.

మన దగ్గర కథ వేరుగా ఎందుకు నడిచిందంటే 1970 పేటెంట్ల చట్టం. అంతకు ముందు 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదిక దానికి పునాది. ఆ చట్టంలో మందు పదార్థానికి పేటెంటు లేదు, తయారీ పద్ధతికే. సిప్లా 1970ల్లోనే మన దేశంలో ఆస్తమా ఇన్‌హేలర్లు మొదలుపెట్టగలిగింది. పదార్థాలకు పేటెంట్లు తిరిగొచ్చింది 2005 జనవరి 1న. తమాషా ఏమిటంటే ఆ చట్టం మందుకు ఇవ్వనన్నదే గానీ వాల్వుకు ఇవ్వననలేదు. ఇనుప స్ప్రింగుకూ రబ్బరు గాడికీ అప్పుడూ పేటెంటు వచ్చేది.

ఈ ఫైలు పని మీద కూర్చున్నప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. ఇన్‌హేలర్‌లో అసలు కష్టం మందు కాదు, వాల్వు. ఏ దేశంలో చవగ్గా దొరుకుతుందన్నది ఆ వాల్వును ఎవరు చెయ్యగలరు, ఎవర్ని చెయ్యనిస్తారు అన్నదాని మీదే తేలుతుంది.

27 జూన్, శుక్రవారం

రాత్రి రెండింటికి నాన్న లేచి కూర్చున్నాడు. ఇన్‌హేలర్ తీసి, నోరు తెరిచి, రెండు సార్లు టపటపా నొక్కేశాడు. ఊపాడా? లేదు. ముందు ఊపిరి బయటికి వదిలాడా? లేదు. నొక్కాక పీల్చాడు. తెల్లటి పొగ పెదాల మీంచి బయటికే పోయింది.

లైటు వేసి గొట్టం చూశాను. డబ్బా కాడ కూర్చునే చోట రంధ్రం చుట్టూ మందు తెల్లగా పేరుకుని గట్టిపడింది. రంధ్రం సగం కూడా కనపడటం లేదు. ఎన్నడూ కడగలేదు. కడగాలని ఎవరూ చెప్పలేదట. డాక్టరు చీటీ రాశాడు, షాపువాడు అట్టపెట్టె చేతిలో పెట్టాడు. అంతే.

లోహపు డబ్బా బయటికి తీసి, ప్లాస్టిక్ గొట్టాన్ని గోరువెచ్చని నీటి ధార కింద రెండు వైపులా పట్టాను. తెలుపు కరిగిపోయి, సూదిమొన పట్టేంత బెజ్జం బయటపడింది. తెల్లారేదాకా ఆరనివ్వాలి. ఇంట్లో కొత్త ఇన్‌హేలర్ ఒకటుంటే, దానికి స్పేసర్ అనే బోలు గొట్టం తగిలించి ఇచ్చాను. ముందు డబ్బా ఊపాలి. ఊపిరంతా వదిలి, మూతి పెట్టుకుని, ఒక్కటి నొక్కి, నింపాదిగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. కాసేపాగి రెండోది. స్పేసర్ ఉంటే నొక్కడమూ పీల్చడమూ ఒకే క్షణాన కుదరనక్కర్లేదు, పెద్ద బిందువులు అందులోనే ఆగిపోతాయి.

పావుగంటకు పిల్లికూతలు తగ్గాయి. "ఇన్నాళ్లూ గాలికి కొట్టానన్నమాట" అని పడుకున్నాడు.

5 జూలై, శనివారం

రిపోర్టు పంపేశాం. గాడి ఆకారం కొత్తది కాదు, ఆ రబ్బరుతో ఆ లోతుకు కలిపితే మాత్రం కొత్తదే. మొదటి క్లెయిము వదులుకోమనీ, నాలుగోది గట్టిగా రాసుకోమనీ సలహా ఇచ్చాం. క్లయింటుకు నచ్చదు.

వాళ్ల వాషర్‌కి మళ్లీ పని పడబోతోంది. హెచ్‌ఎఫ్‌ఏ-134ఏ ఓజోన్‌ను ముట్టుకోదు గానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 1400 రెట్లు. 2016 కిగాలీ ఒప్పందం దాన్నీ తగ్గించమంటోంది. తర్వాతి వరసలో 152ఏ, 1234జెడ్‌ఈ అనే రెండు వాయువులున్నాయి. గ్యాసు మారితే రబ్బరు మారుతుంది, రంధ్రం మారుతుంది, కొత్త పేటెంట్లు పడతాయి. 2008 తర్వాత అమెరికాలో జరిగింది ఈసారి మన దగ్గరా జరక్కుండా చూడాల్సింది మన ధరల నియంత్రణ వాళ్లూ, మన పేటెంటు ఆఫీసూను.

నాన్న పొద్దున బస్సులో పేటకు వెళ్లాడు. ఇన్‌హేలర్ చొక్కా పైజేబులో పెట్టుకున్నాడు, స్పేసర్ సంచిలో. సోమవారం వాళ్ల ఊరి షాపతనికి ఫోన్ చెయ్యాలి. స్పేసర్లు తెప్పించి పెట్టమనాలి, ఒక్కోటి ఐదు వందల లోపే. ఇన్‌హేలర్ కొన్నవాళ్ల చేత ఒక్కసారి తన ఎదుటే పీల్పించి చూడమనాలి.